బహుపది మూలాలు తప్పుగా వస్తున్నప్పుడు ప్రోగ్రాములోని సంఖ్యా దోషాన్ని పట్టుకోవడం ఎలా

కాలువలో నీటి లోతు ఎంతని అడిగితే ప్రోగ్రాము ఒక సంకీర్ణ సంఖ్యను చూపించిందనుకోండి. చాలామంది అప్పుడు టాలరెన్సును (ఎంత తేడాను సహించాలన్న హద్దును) పెంచుతారు, లేకపోతే కల్పిత భాగాన్ని కొట్టివేసి వాస్తవ భాగాన్నే జవాబుగా ఉంచుకుంటారు. ఈ రెండు పనులూ లక్షణాన్ని దాచిపెడతాయి గాని కారణాన్ని చూపించవు. దోషం మూడు చోట్ల పుట్టవచ్చు: ఇచ్చిన బహుపదే అతి సున్నితమైనది కావచ్చు, ఎంచుకున్న పద్ధతి అంకెలను మధ్యదారిలో పోగొట్టేది కావచ్చు, లేదా కోడులోనే పొరపాటు ఉండవచ్చు. వీటిలో ఏది అసలు కారణమో తేలేదాకా కోడును మార్చకండి. కింది దశలన్నీ ఆ తీర్పు కోసం ఏర్పరచినవే.

ఉదాహరణగా, సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కర్నూలు మీదుగా కడప వైపు సాగే కె.సి. కాలువ లాంటి ఒక కాలువను తీసుకుందాం. లెక్క సులువుగా ఉండడం కోసం దాని అడ్డుకోతను దీర్ఘచతురస్రమని అనుకుందాం. ఇక్కడ వాడే అంకెలు సౌలభ్యం కోసం ఎంచుకున్నవే గాని ఆ కాలువ కొలతలు కావు. నీటి లోతును ‘ల’ అని, ఒక మీటరు వెడల్పులో సెకనుకు పారే ప్రవాహాన్ని ‘ప్ర’ అని, విశిష్ట శక్తిని (కాలువ అడుగు నుంచి మీటర్లలో లెక్కించే నీటి శక్తిని) ‘శ’ అని, గురుత్వ త్వరణాన్ని ‘గ’ అని రాస్తే, హైడ్రాలిక్స్ పాఠంలోని శ = ల + ప్ర²/(2గ·ల²) అన్న సంబంధం ల³ − శ·ల² + ప్ర²/(2గ) = 0 అనే ఘన సమీకరణంగా మారుతుంది. శక్తి 3 మీటర్లు, స్థిర పదం 4 అయితే అది ల³ − 3ల² + 4 = 0 అవుతుంది. దీనిని (ల − 2)²(ల + 1) అని కారణాంకాలుగా విడదీయవచ్చు కనుక, 2 అన్న మూలం రెండుసార్లు, −1 ఒకసారి వస్తాయి. ప్రవాహం సరిగ్గా క్రిటికల్ స్థితిలో, అంటే అంత ప్రవాహాన్ని కనీస శక్తితో మోసే స్థితిలో, ఉందని దీని అర్థం. జవాబు ముందే తెలిసిన ఇటువంటి ఒక చిన్న బహుపదిని ఎప్పుడూ చేతిలో ఉంచుకొని వెదకడం మొదలుపెట్టండి.

మొదటి దశ: ఫంక్షన్‌లోకి నిజంగా ఏ గుణకాలు వెళుతున్నాయో చూడండి

మూలాలు కనుక్కునే ఫంక్షన్‌ను పిలిచే వరుసకు సరిగ్గా ముందు, గుణకాలను 17 సార్థక అంకెలతో ముద్రించండి. డబుల్ ప్రెసిషన్ సంఖ్య (కంప్యూటరు సుమారు పదహారు అంకెలతో దాచుకునే సంఖ్య) ఏదైనా 17 దశాంశ అంకెలతో రాస్తే అదే సంఖ్యగా తిరిగి చదవవచ్చు. అంతకంటే తక్కువ అంకెలు ముద్రిస్తే తెరపై 4 అని కనిపించేది లోపల 4.0010 అయి ఉండవచ్చు. ఈ ఒక్క ముద్రణతోనే సగం వెదుకులాటలు ముగిసిపోతాయని నా అనుభవం.

గుణకాల వరుసను సరిచూడండి. పైథాన్ గణిత లైబ్రరీ అయిన నంపైలోని పాత రూట్స్ ఫంక్షన్, మ్యాట్‌ల్యాబ్ రూట్స్ రెండూ అత్యధిక ఘాతపు గుణకాన్ని ముందు కోరుకుంటాయి. నంపైలోనే ఉన్న పాలినామియల్ విభాగపు పాలీరూట్స్ మాత్రం స్థిర పదాన్ని ముందు కోరుకుంటుంది. వరుస తిరగబడితే వచ్చే మూలాలు అసలు మూలాల విలోమాలు అవుతాయి కాబట్టి, మన ఉదాహరణలో లోతు 2కు బదులు 0.5 వస్తే కారణం అదేనని వెంటనే గుర్తుపట్టవచ్చు. ఇక మన సమీకరణంలో మొదటి ఘాతపు పదం లేదు. దాని స్థానంలో సున్నా రాయడం మరచిపోయి 1, −3, 4 అని మాత్రమే ఇస్తే, ప్రోగ్రాము ఏ ఫిర్యాదూ లేకుండా వర్గ సమీకరణాన్ని సాధించి, వాస్తవ భాగం 1.5, కల్పిత భాగం సుమారు 1.32 గల జంటను చూపిస్తుంది. దీనిని సంఖ్యా దోషమని భ్రమపడి రోజంతా వెదికేవారు ఉన్నారు.

గుణకాలు ఎక్సెల్ ట్రెండ్‌లైన్ సమీకరణం నుంచి వచ్చినవైతే ప్రత్యేకంగా అనుమానించండి. గ్రాఫు మీద కనిపించే ఆ సమీకరణంలో గుణకాలు కొద్ది అంకెలకే కుదించి ఉంటాయి. వాటిని చూసి టైపు చేస్తే ఆ బహుపది మీరు అమర్చినది కాదు, దానికి పొరుగున ఉన్న మరొకటి. లేబుల్ నంబర్ ఫార్మాట్‌ను మార్చి పూర్తి అంకెలు తీసుకోండి, లేదా లిన్‌ఎస్ట్ ఫంక్షన్‌తో గుణకాలను నేరుగా పొందండి. అదే విధంగా, ఎక్కడైనా శ్రేణిని సింగిల్ ప్రెసిషన్‌గా ప్రకటించి ఉంటే సుమారు ఏడు అంకెలే మిగులుతాయి. కర్వ్ ఫిట్టింగ్‌లో సున్నా కావలసిన అగ్ర గుణకం 10⁻¹⁷ లాంటి చెత్త సంఖ్యగా మిగిలిపోతే, ప్రోగ్రాము దానిని నిజమైన గుణకంగానే తీసుకొని ఎక్కడో కోట్ల అవతల ఒక బూటకపు మూలాన్ని కల్పిస్తుంది. ప్రోగ్రాము గ్రంథాలయాలు (లైబ్రరీలు) సాధారణంగా కచ్చితమైన సున్నాలనే తొలగిస్తాయి, చిన్న సంఖ్యలను కాదు.

రెండవ దశ: బహుపది ఎంత సున్నితమైనదో కొలవండి

గుణకాలు సరైనవే అని తేలిన తరువాత, ప్రతి గుణకాన్నీ చాలా స్వల్పంగా, ఉదాహరణకు 10⁻¹⁰ సాపేక్ష పరిమాణంలో యాదృచ్ఛికంగా కదిలించి, మూలాలను ఓ వంద సార్లు తిరిగి కనుక్కోండి. మూలాలు కూడా 10⁻¹⁰ స్థాయిలోనే కదిలితే బహుపది సాధువైనది; 10⁻⁵ స్థాయిలో కదిలితే, గుణకాలలోని ప్రతి చిన్న దోషమూ ఆ మూలం దగ్గర లక్ష రెట్లు పెరుగుతున్నదని అర్థం. ఇంతకంటే చవకైన పరీక్ష లేదు, ఇంతకంటే ఎక్కువ చెప్పే పరీక్షా లేదు.

దీని వెనుక ఉన్న లెక్క చిన్నదే. ఒక గుణకం కొద్దిగా మారినప్పుడు మూలం కదిలే దూరం, ఆ మార్పును మూలపు తగిన ఘాతంతో గుణించి, మూలం దగ్గర బహుపది అవకలజం విలువతో భాగిస్తే వస్తుంది. అవకలజం సున్నాకు దగ్గరయ్యే కొద్దీ భాగహారం విజృంభిస్తుంది. మన ఘన బహుపది అవకలజం 3ల² − 6ల. అది −1 దగ్గర 9, 2 దగ్గర సున్నా. కాబట్టి ఒకే బహుపదిలో −1 అన్న మూలం రాయిలా స్థిరంగా ఉంటుంది, 2 అన్న మూలం ఏ చిన్న మార్పుకైనా చెదిరిపోతుంది. సున్నితత్వం బహుపది మొత్తానికి అంటే చాలదు, మూలం మూలానికీ విడిగా కొలవాలి.

అంకెలలో చూడండి. గురుత్వ త్వరణం 9.81 అయితే, స్థిర పదం సరిగ్గా 4 కావడానికి ప్రవాహం సుమారు 8.8589 ఉండాలి. ఎవరైనా దానిని 8.86 అని నమోదు చేశారనుకుందాం. ప్రవాహంలో మార్పు పదివేలలో ఒక వంతుకు కాస్త ఎక్కువ, అంతే. స్థిర పదం 4.0010 అవుతుంది, −1 అన్న మూలం −1.0001కి మాత్రమే జరుగుతుంది, కాని 2 అన్న జంట మూలం విడిపోయి, 0.018 కల్పిత భాగం గల సంకీర్ణ జంటగా మారిపోతుంది. అదే ప్రవాహాన్ని 8.85 అని రాస్తే 2.051, 1.948 అనే రెండు వాస్తవ లోతులు వస్తాయి. మూడవ సార్థక అంకెలో ఒక మెట్టు తేడా, జవాబులో పది సెంటీమీటర్ల ఎడాన్ని గాని, అసలు లోతే లేదన్న ఫలితాన్ని గాని తెస్తున్నది. కాలువ గట్టున, నీటి వేగాన్ని కొలిచే కరెంట్ మీటరుతో కొలిచిన ప్రవాహంలో ఇంత కచ్చితత్వాన్ని ఆశించలేము. ఇక్కడ ప్రోగ్రాము చేసిన తప్పు ఏమీ లేదు, 8.86కు సంకీర్ణ జవాబే సరైన జవాబు, ఎందుకంటే ఆ ప్రవాహాన్ని మోయడానికి 3 మీటర్ల శక్తి చాలదు.

పునరావృత మూలం లేకపోయినా ఇటువంటి సున్నితత్వం ఉండవచ్చని చూపించినవాడు బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు జేమ్స్ విల్కిన్సన్. 1 నుంచి 20 వరకు పూర్ణాంకాలే మూలాలుగా గల ఇరవయ్యవ ఘాతపు బహుపదిలో, పందొమ్మిదవ ఘాతపు గుణకం −210. దాని నుంచి 2⁻²³, అంటే కోటిలో సుమారు 1.2 వంతు, తీసివేస్తే పది మూలాలు సంకీర్ణమైపోతాయి. 16, 17 ఉండవలసిన చోట 16.73 వాస్తవ భాగం, 2.81 కల్పిత భాగం గల జంట వస్తుంది, 20 కాస్తా 20.85 అవుతుంది. మూలాలన్నీ ఒకదానికొకటి పూర్తి ఒక ప్రమాణం దూరంలో ఉన్నాయన్నది గమనించండి. మీ ప్రోగ్రామును పరీక్షించడానికి ఈ బహుపదిని తప్పక వాడండి, కాని మూలాలు పూర్ణాంకాలుగా రాలేదని దానిని నిందించకండి.

మూడవ దశ: వచ్చిన జవాబును రెండు విధాలుగా తూచండి

మూలాన్ని బహుపదిలో ప్రతిక్షేపించి అవశేషం చిన్నదిగా ఉందా అని చూడడం అందరూ చేసేదే. అయితే ఎంత చిన్నదైతే చిన్నదన్నట్టు? 10⁻⁶ వంటి స్థిరమైన హద్దు ఏ బహుపదికీ న్యాయం చేయదు. హార్నర్ పద్ధతిలో (అగ్ర గుణకం నుంచి గుణిస్తూ, కలుపుతూ పోయే పద్ధతిలో) విలువ కట్టేటప్పుడు కలిగే రౌండింగ్ దోషానికి హద్దు తెలుసు: ఘాతానికి రెట్టింపును 1.1 × 10⁻¹⁶తో గుణించి, దానిని పదాల నిరపేక్ష విలువల మొత్తంతో గుణించాలి. మన బహుపదికి 2 దగ్గర ఆ మొత్తం 8 + 12 + 4 = 24; హద్దు సుమారు 1.6 × 10⁻¹⁴. అవశేషం దీని కంటే తక్కువైతే, కంప్యూటరు దృష్టిలో అది సున్నాతో సమానం, ఇంకా తగ్గించాలని ప్రయత్నించడం వృథా.

ఇప్పుడు ఆ హద్దును లోతుకు మార్చి చూడండి. 2 దగ్గర బహుపది విలువ, లోతులోని తేడా వర్గానికి మూడు రెట్లు. కాబట్టి 2కు అటూ ఇటూ సుమారు 7 × 10⁻⁸ దూరంలో ఉన్న ఏ సంఖ్య అయినా ఈ అవశేష పరీక్షలో నెగ్గుతుంది. పదహారు అంకెల గణితంలో ఎనిమిది అంకెలే నమ్మదగినవిగా మిగిలాయి. రెండుసార్లు వచ్చే మూలానికి అంకెలు సగమవుతాయి, ఐదుసార్లు వచ్చే మూలానికి మూడు అంకెలు మిగిలితే గొప్ప. ఇది డబుల్ ప్రెసిషన్ స్వభావమే గాని మీ కోడు లోపం కాదు.

రెండవ తూకం వెనుకకు నడిచేది. వచ్చిన మూలాలతో బహుపదిని తిరిగి నిర్మించి, ఆ గుణకాలను అసలు గుణకాలతో పోల్చండి. ఈ గుణకారాన్ని మాత్రం ఎక్కువ ప్రెసిషన్‌లో చేయాలి, లేకపోతే కొలబద్దలోనే దోషం చేరుతుంది. గుణకాలు 10⁻¹⁵ స్థాయిలో సరిపోలితే, మీ సాఫ్ట్‌వేర్ మీరిచ్చిన బహుపదికి అత్యంత సమీపంలోని బహుపదిని కచ్చితంగా సాధించిందన్నమాట. మూలాలు ఎంత వింతగా కనిపించినా అది నిర్దోషి. సరిపోలకపోతే మాత్రం పద్ధతిలోనో కోడులోనో తప్పు ఉంది. తొందరలో ఉన్నప్పుడు మూలాల మొత్తాన్ని, లబ్ధాన్ని చూసినా కొంత తెలుస్తుంది: మన ఉదాహరణలో మొత్తం 3, లబ్ధం −4 రావాలి.

నాలుగవ దశ: అంకెలు పెంచి మళ్ళీ నడపండి

పైథాన్‌లో ఎంపీమ్యాత్ వంటి గ్రంథాలయంతో అదే లెక్కను 30 అంకెలలో ఒకసారి, 60 అంకెలలో ఒకసారి చేయండి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 0.1 అన్న గుణకాన్ని మామూలు ఫ్లోట్‌గా ఇస్తే, అది లోపలికి వెళ్ళేసరికే రెండు ఆధారపు సంఖ్యగా కుదించుకుపోయి ఉంటుంది, తరువాత ఎన్ని అంకెలు పెంచినా ఆ కుదింపు పోదు. గుణకాలను కొటేషన్ గుర్తుల మధ్య స్ట్రింగ్‌గానో, భిన్నాలుగానో ఇవ్వండి.

ప్రెసిషన్ పెంచినప్పుడు జవాబు మారి, ఆపై స్థిరపడితే, దోషం రౌండింగ్‌ది. పెంచినా అదే వింత జవాబు వస్తే, బహుపది జవాబే అది; మొదటి దశకు వెళ్ళి గుణకాలు ఎక్కడి నుంచి వచ్చాయో మళ్ళీ అడగండి. కొలతలో మూడు అంకెలే ఉన్న గుణకాలకు అరవై అంకెల మూలాలు కనుక్కోవడం వల్ల ప్రయోజనం లేదు కనుక, అధిక ప్రెసిషన్‌ను నిర్ధారణ సాధనంగానే వాడండి, చికిత్సగా అలవాటు చేసుకోకండి.

ఐదవ దశ: పద్ధతిది తప్పయితే దానిని సవరించండి

పరీక్ష హాలులో అందరికీ కంఠస్థమైన వర్గ సమీకరణ సూత్రమే తరచుగా మొదటి దోషి. య² − 10⁸య + 1 = 0 సమీకరణానికి చిన్న మూలం 10⁻⁸; సూత్రాన్ని ఉన్నదున్నట్టుగా కోడు చేస్తే డబుల్ ప్రెసిషన్‌లో 7.45 × 10⁻⁹ వస్తుంది, నాలుగింట ఒక వంతు తప్పు. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యలను తీసివేయడం వల్ల సార్థక అంకెలన్నీ కొట్టుకుపోయాయి. రెండు పదాలూ కలిసే గుర్తును ఎంచుకొని ముందు పెద్ద మూలాన్ని కనుక్కొని, స్థిర పదాన్ని అగ్ర గుణకంతోనూ ఆ పెద్ద మూలంతోనూ భాగించి చిన్న మూలాన్ని పొందండి. ఘన, చతుర్ఘాత సూత్రాలలోనూ ఇటువంటి తీసివేతలు దాగి ఉంటాయి కాబట్టి, వాటి జవాబుకు అసలు బహుపదితో న్యూటన్ పద్ధతిలో ఒకటి రెండు సార్లు మెరుగు పెట్టడం మంచిది.

మూలాలను ఒక్కొక్కటిగా కనుక్కొని, దొరికిన దానిని భాగించి తీసివేస్తూ పోయే ప్రోగ్రాములలో దోషం పేరుకుపోతుంది. మామూలు హార్నర్ భాగహారంతో తీసివేసేటట్లయితే నిరపేక్ష విలువలో చిన్న మూలాల నుంచి పెద్ద మూలాల వైపు వెళ్ళండి. ప్రతి మూలాన్నీ చివర భాగించిన బహుపదితో కాక అసలు బహుపదితోనే మెరుగుపరచండి; అయితే దగ్గర దగ్గరగా ఉన్న మూలాలు మెరుగులో ఒకేచోటికి జారిపోవచ్చు గనుక, ఏదీ రెండుసార్లు లెక్కకు రాలేదని చూసుకోండి. అన్ని మూలాలనూ కలిపి కదిలించే ఆబెర్త్ పద్ధతి, లేదా నంపై, మ్యాట్‌ల్యాబ్ చేసినట్లుగా కంపానియన్ మాత్రిక (గుణకాలతో కట్టిన, బహుపది మూలాలే ఐగెన్ విలువలుగా గల మాత్రిక) ఐగెన్ విలువలు కనుక్కోవడం, ఈ చిక్కును మొదటే తప్పిస్తాయి. సొంతంగా రాసిన కోడు కంటే ఇవి దాదాపు ఎప్పుడూ మేలు.

న్యూటన్ పద్ధతి నడుస్తున్నప్పుడు ప్రతి మెట్టులోని దోషాన్ని ముద్రిస్తే మరొక ఆచూకీ దొరుకుతుంది. సాధారణ మూలం దగ్గర సరైన అంకెలు ప్రతి మెట్టుకూ రెట్టింపవుతాయి. దోషం ప్రతిసారీ సగం మాత్రమే తగ్గుతుంటే మీరు జంట మూలాన్ని సమీపిస్తున్నారు.

చలరాశి మొదలును మార్చడం చాలామంది పట్టించుకోని చికిత్స. అనంతపురం పరిసరాలలోని ఒక చెరువు నీటిమట్టాన్ని సముద్ర మట్టం నుంచి కొలిచి, 335 మీటర్ల చుట్టూ ఉన్న ఆ విలువలకు ఐదవ ఘాతపు బహుపదిని అమర్చారనుకుందాం. 335 ఐదవ ఘాతం 4 లక్షల కోట్లు దాటుతుంది. అంత పెద్ద పదాలు ఒకదానినొకటి కొట్టివేసుకొని పదుల్లో ఉండే జవాబును ఇవ్వాలి. పదకొండు, పన్నెండు అంకెలు ఆ కొట్టివేతలోనే పోతాయి. అమర్చిన తరువాత గుణకాలను జరపడం కాదు, అమర్చడానికి ముందే మట్టాల నుంచి 335 తీసివేయండి, వ్యాప్తితో భాగించి −1, 1 మధ్యకు తెండి. ఘాతం ఇంకా ఎక్కువైతే చెబిషేవ్ బహుపదుల ఆధారంగా అమర్చి, మూలాలను కూడా ఆ రూపంలోనే కనుక్కోండి.

ఆరవ దశ: వాస్తవమా సంకీర్ణమా అన్న తీర్పు

కల్పిత భాగం సున్నాయేనా అని సమానత్వ పరీక్ష పెట్టకండి, 10⁻¹⁰ కంటే తక్కువైతే తీసివేయమని కూడా రాయకండి. రెండవ దశలో ఆ మూలానికి కొలిచిన సున్నితత్వం నుంచి అనిశ్చితి వ్యాసార్థాన్ని కట్టి, కల్పిత భాగం దానికంటే తక్కువైతే ‘వాస్తవం కావచ్చు’ అని, ఎక్కువైతే ‘సంకీర్ణం’ అని చెప్పండి. అనిశ్చితిలో గుణకాల కొలత దోషాన్ని కలపడం మరవకండి. సాధారణంగా రౌండింగ్ దోషం దాని ముందు లెక్కలోకి రాదు.

గుంపుగా వచ్చిన మూలాల సగటు, విడి మూలాల కంటే ఎంతో స్థిరంగా ఉంటుంది. 2.051, 1.948ల సగటు 1.9995; ఐదు సెంటీమీటర్ల చెదురు అర మిల్లీమీటరుకు పడిపోయింది. ఇంకా మంచి మార్గం ప్రశ్ననే మార్చడం. క్రిటికల్ స్థితి దగ్గర రెండు లోతులను అడగడానికి బదులు, ప్రవాహ వర్గాన్ని గురుత్వంతో భాగించి ఘనమూలం తీస్తే క్రిటికల్ లోతు వస్తుంది. ప్రవాహంలో వేయింట ఒక వంతు దోషం ఈ లోతులో సుమారు 1.3 మిల్లీమీటర్లే అవుతుంది. అందుబాటులో ఉన్న శక్తిని ఆ లోతుకు ఒకటిన్నర రెట్లతో పోల్చి, తేడా కొలత దోషంలో ఇమిడిపోయేంత చిన్నదైతే, ప్రోగ్రాము రెండు లోతులను గాని సంకీర్ణ జంటను గాని చూపించక ‘ప్రవాహం క్రిటికల్ స్థితికి సమీపంలో ఉంది’ అని క్రిటికల్ లోతును ఇవ్వాలి. మిగిలిన సందర్భాలలో మూలం పక్కన దాని అనిశ్చితిని కూడా ముద్రించి, నమ్మదగిన అంకెలతోనే ఆపండి.

సవరణ పూర్తయిన తరువాత పరీక్షల దస్త్రంలో మన ఘన బహుపది, అదే 8.85, 8.86 ప్రవాహాలతో, పెద్ద చిన్న మూలాల వర్గ సమీకరణం, విల్కిన్సన్ బహుపది, అగ్ర గుణకం సున్నాకు దగ్గరగా ఉన్నది ఒకటి చేర్చండి. ప్రతి పరీక్షలోనూ మూలాలను ఆశించిన సంఖ్యలతో నేరుగా పోల్చవద్దు. మూడవ దశలోని వెనుకకు నడిచే తూకాన్ని, అవశేషపు హద్దును వాడండి. కంపైలర్ సెట్టింగులు మార్చిన ప్రతిసారీ, ముఖ్యంగా వేగం కోసం గణిత నియమాలను సడలించే ఐచ్ఛికాన్ని తగిలించినప్పుడు, ఈ పరీక్షలను మళ్ళీ నడపండి.